శ్రీహరికోట పక్కన వూమెరా: ఆదివాసీల్ని పోల్చే ప్రాజెక్టు ఎట్టా చేయాలి

ఆగస్టు 9 దగ్గరపడిందంటే మా సెంటర్లో ఫ్యాన్సీ షాపుల్లో చార్టులు అయిపోతాయి. ప్రపంచ ఆదివాసీ దినోత్సవం గదా. 'వేర్వేరు దేశాల ఆదివాసీలను పోల్చుము' అని ప్రాజెక్టు ఇస్తారు, పిల్లలు చార్టు మధ్యలో నిలువు గీత కొడతారు. ఎడమ పక్క ఈకల కిరీటం మనిషి, కుడి పక్క విల్లు పట్టుకున్న చెంచు. కింద వరసగా తిండి, బట్ట, ఇల్లు, ఆట, దేవుడు. సగం చార్టుల్లో చేతిరాత అమ్మలది, ఆ సంగతి ఇప్పుడొద్దు.

ఎన్ని రంగులేసి తెచ్చినా ఆ చార్టుకు మార్కులు వేయబుద్ధి కాదు నాకు. వాళ్ళు మాంసం తింటారు, వీళ్ళు తేనె తెస్తారు. సరే, అయితే ఏంటి? ఆ ఇద్దరి నేల ఏమైందో, ఎవరు తీసుకున్నారో, ఏ కాగితం చూపించి తీసుకున్నారో అందులో ఉండదు. ప్రభుత్వం అనేదే లేని లోకంలో ఇద్దరూ ఫొటోకి నిలబడినట్టు ఉంటుంది.

నేను నెల్లూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఈ ప్రాజెక్టును మా పిల్లలతో చేయిస్తూ చేయిస్తూ ఒక పద్ధతికి వచ్చాను. టెన్త్ పిల్లలకే కాదు, డిగ్రీ ప్రాజెక్టుకైనా గ్రూప్స్ వ్యాసానికైనా పనికొస్తుంది.

ముందు పక్కింటి వాళ్ళు

న్యూజిలాండ్ మావోరీలతోనో జపాన్ ఐనూలతోనో మొదలుపెట్టొద్దు. మీ ఊళ్ళో, మీ మండలంలో ఎవరున్నారో వాళ్ళతో మొదలుపెట్టండి. నెల్లూరు వైపైతే యానాదులు. మార్కాపురం, దోర్నాల, యర్రగొండపాలెం వైపైతే చెంచులు. కావలి, బిట్రగుంట వైపు ఎరుకల వాళ్ళు కూడా. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రం మొత్తం మీద యానాదులు 5 లక్షల పైచిలుకు, చెంచులు 60 వేల పైచిలుకు.

మా క్లాసులో యానాది పిల్లలు కూర్చుంటారు. వాళ్ళ ముందు 'గిరిజనులు కొండల్లో, అడవుల్లో నివసిస్తారు' అని చదివితే, వెనక బెంచీలో ఒక పిల్ల కిటికీలోంచి కాలవ కట్ట వైపు చూస్తుంది. వాళ్ళ ఇల్లు అక్కడే. యానాదులు మైదానం వాళ్ళు. చెరువు కట్ట, వరి మడి, పులికాట్ ఒడ్డు, ఇప్పుడు రొయ్యల గుంటల గట్లు. ఇది తెలియకుండా పోలిక మొదలుపెడితే మొదటి గడిలోనే తప్పు పడుతుంది.

మైదానం వాళ్ళు కావడం వల్ల చట్టంలో ఒక పెద్ద తేడా వస్తుంది. మన రాష్ట్రంలో రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద గిరిజనుల కోసం ప్రకటించిన ప్రాంతాలు శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా ఏజెన్సీలో ఉన్నాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో లేవు. కాబట్టి గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం, అదే 1959 నాటి రెగ్యులేషన్‌కు 1970లో చేసిన సవరణ, ఇక్కడ వర్తించదు. పాడేరు గిరిజనుడికి ఉన్న ఆ రక్ష కోవూరు యానాదికి లేదు. ఇది నోట్సులో పైన రాసుకోండి. వేరే దేశం దాకా పోకముందే, ఒకే రాష్ట్రంలో ఇద్దరు ఎస్టీల మధ్య ఇంత తేడా ఉందని తెలిస్తే 'భారతదేశంలో ఆదివాసీలు' అని ఒక గడి, 'ఆస్ట్రేలియాలో ఆదివాసీలు' అని ఒక గడి పెట్టే అలవాటు పోతుంది.

పాత రికార్డు వెతికేటప్పుడు ఒక చిక్కుంది. ప్రకాశం జిల్లా 1970లో ఒంగోలు జిల్లా పేరుతో పుట్టింది, 1972లో పేరు మారింది. అంతకుముందు మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేది, కందుకూరు, కనిగిరి, పొదిలి నెల్లూరులో ఉండేవి. దోర్నాల చెంచుల గురించి బ్రిటిషు కాలం నాటి మాట కావాలంటే కర్నూలు పుస్తకం తెరవాలి. శ్రీహరికోటకు తలకిందులు: 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, పాత కాగితమంతా నెల్లూరు పేరు మీదే.

పాత పుస్తకాలంటే 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద అచ్చేసిన ఏడు సంపుటాలు ముందు దొరుకుతాయి. ఆయన మనుషుల ముక్కులు కొలిచి రాసుకున్న మనిషి. ఆ పుస్తకంలో ఏ ఊళ్ళో ఎవరుండేవాళ్ళు, ఏం ఏరేవాళ్ళు, సర్కారు ఏమిచ్చేది అన్నంత వరకు తీసుకోండి. 'వీళ్ళ స్వభావం ఇట్టాంటిది' అన్న వాక్యాలన్నీ వదిలేయండి. మన దగ్గరి మనిషి కావాలంటే వెన్నెలకంటి రాఘవయ్య గారున్నారు. నెల్లూరు కేంద్రంగా ఆదిమజాతి సేవక్ సంఘం నడిపి, యానాదుల మధ్య జీవితమంతా పనిచేసిన ఆయనకు 1973లో పద్మభూషణ్ వచ్చింది.

ప్రశ్న ముందు, తెగ తర్వాత

'యానాదులకూ ఫలానా తెగకూ పోలిక ఏంటి' అని అడిగితే జవాబు ఎప్పుడూ తిండి, బట్ట దగ్గరికే పోతుంది. ముందు ప్రశ్న ఎంచుకోండి. ప్రభుత్వ పనికి నేల తీసుకున్నప్పుడు ఏం జరిగింది? అడవిని జంతువుల కోసం మూసినప్పుడు ఏం జరిగింది? పోలీసు స్టేషన్లో రోజూ హాజరు వేయించుకోమన్నప్పుడు ఏం జరిగింది? ఓటు వేస్తే వాళ్ళ మనిషి గెలిచే దారి ఉందా? ఇట్టాంటిది ఒక్కటి తీసుకోండి. ఆ తర్వాత ప్రపంచ పటం తెరిచి, అదే ప్రశ్న ఎదురైన వాళ్ళు ఇంకెక్కడున్నారో వెతకండి.

మా బడిలో చేసిన జత ఒకటి పూర్తిగా చెబుతాను. ప్రశ్న: రాకెట్ల కోసం నేల తీసుకున్నప్పుడు అక్కడున్న వాళ్ళ సంగతేంటి?

ఇటు పక్క శ్రీహరికోట. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య దీవి. యానాదులు తరతరాలుగా అక్కడి అడవిలో తేనె, వేర్లు, కుంకుళ్ళు ఏరుకుని బతికిన చోటు. 1835లో దీవి కంపెనీ సర్కారు చేతికి వచ్చింది. ఆ మీదట అడవి సరుకు యానాదులు తెచ్చి సర్కారుకు ఇవ్వాలి, బదులుగా సర్కారు ధాన్యం ఇవ్వాలి. దీవిలో కొట్టిన కట్టెలు బకింగ్‌హామ్ కాలవ మీద పడవల్లో మద్రాసు వంటిళ్ళకు పోయేవి. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంపిక చేశారు. తూర్పున సముద్రం, భూమధ్యరేఖకు దగ్గర, చుట్టూ జనం తక్కువ. దీవిలోని యానాదుల్ని బయటికి తరలించారు. 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి సౌండింగ్ రాకెట్, అంటే పై వాతావరణాన్ని పరిశీలించే చిన్న రాకెట్, లేచింది. 2002లో ఆ కేంద్రానికి సతీశ్ ధావన్ పేరు పెట్టారు.

అటు పక్క వూమెరా. దక్షిణ ఆస్ట్రేలియాలో ఎడారి. 1947లో బ్రిటన్, ఆస్ట్రేలియా కలిసి రాకెట్ రేంజి పెట్టాయి. రాకెట్లు పోయే దారి వాయవ్యంగా, మధ్య ఆస్ట్రేలియా ఆదివాసీల రిజర్వు మీదుగా సాగుతుంది. చార్లెస్ డుగిడ్ అనే డాక్టరు దీన్ని బహిరంగంగా వ్యతిరేకించాడు. ప్రభుత్వం వాల్టర్ మెక్‌డూగల్ అనే గస్తీ అధికారిని వేసింది. లక్షల చదరపు కిలోమీటర్ల ఎడారిలో తిరిగి, అక్కడ సంచరించే వాళ్ళకు రాకెట్ల సంగతి చెప్పడం ఆయన పని. ఒక్క మనిషి, ఒక్క బండి! పిల్లలు ఇక్కడ నవ్వుతారు, నవ్వనీయండి. ఆస్ట్రేలియా మొదటి ఉపగ్రహం 1967లో వూమెరా నుంచే పోయింది.

ఇప్పుడు రెంటికీ అవే ప్రశ్నలు వేయాలి. నేల తీసుకున్న రోజున కాగితం మీద అది ఎవరిది? వాళ్ళను ఎవరైనా అడిగారా? లేచి ఎటు పోయారు? ఆ తర్వాత ఏ చట్టం, ఏ కోర్టు వాళ్ళ మాట విన్నది?

మొదటి ప్రశ్న దగ్గరే అసలు సరుకంతా ఉంది, ఇక్కడ తొందరపడొద్దు. ఆస్ట్రేలియాలో తెల్లవాళ్ళు దిగినప్పటి నుంచి ఆ నేల ఎవరిదీ కాదన్న లెక్క మీదే చట్టం నడిచింది. 1992లో మాబో కేసులో అక్కడి హైకోర్టు (వాళ్ళకు అన్నిటికన్నా పై కోర్టు అదే) ఆ లెక్క కొట్టేసింది, 1993లో స్థానికుల భూమి హక్కు చట్టం వచ్చింది. శ్రీహరికోటలో 'ఎవరిదీ కాదు' అని ఎవరూ అనలేదు. 1835 నుంచి అది సర్కారుది, అంతే. ఒకచోట యజమానే లేడన్నారు, ఇంకోచోట యజమాని సర్కారే అన్నారు. అక్కడ కోర్టుకు పోయి 'యజమానులం మేమే, ముందునుంచీ ఉన్నాం' అనొచ్చు, పాత లెక్క తప్పని తేలితే తలుపు తెరుచుకుంటుంది. ఇక్కడ ఆ వాదం అట్టా నిలబడదు. ఉన్న దారి 2006 అటవీ హక్కుల చట్టం. అందులో 2005 డిసెంబరు 13 నాటికి అడవిలో ఉండాలి, దాని మీద బతుకుతుండాలి అన్న షరతు ఉంది. మూడున్నర దశాబ్దాల ముందే దీవి దాటినవాళ్ళు ఆ తేదీకి అక్కడ ఎట్టా ఉంటారు? అదే చట్టం 3(1)(ఎం)లో, పునరావాసం ఇవ్వకుండా చట్టవిరుద్ధంగా ఖాళీ చేయించిన వాళ్ళ గురించి ఒక వాక్యం ఉంది. దాన్ని కూడా గడిలో రాయండి. కాస్త చురుకైన పిల్లలు 'అంటే చట్టప్రకారం ఖాళీ చేయిస్తే?' అని అడుగుతారు. అడిగిన వాళ్ళకు రెండు మార్కులు ఎక్కువ వేస్తాను.

ఇక్కడ పిల్లలు తడబడే చోటు ఒకటుంది. వూమెరా గురించి చదువుతుంటే మారలింగా వస్తుంది. అక్కడ 1956 నుంచి 1963 దాకా బ్రిటన్ అణు పరీక్షలు చేసింది. 1984–85లో రాయల్ కమిషన్ కూర్చుని ఆదివాసీల సాక్ష్యం కూడా తీసుకుంది, 1984లోనే మారలింగా నేలను తిరిగిచ్చే చట్టం వచ్చింది. పెద్ద సంగతే, కానీ అది బాంబు, ఇది రాకెట్. శ్రీహరికోటలో బాంబులేవీ పేల్చలేదు. మారలింగా రేడియేషన్ బాధలు అటు పక్క రాసి, ఇటు పక్క గడి ఖాళీగా ఉందని ఏదో ఒకటి కల్పించి రాసే పిల్లలున్నారు. ఖాళీగా ఉండాల్సిన గడి ఖాళీగానే ఉండాలి.

బ్రెజిల్లో అల్కాంటరా రాకెట్ కేంద్రం కూడా కనపడుతుంది. 1980ల్లో దానికోసం 312 కుటుంబాల్ని తీర గ్రామాల నుంచి లోపలికి మార్చారు. జత కుదిరిందని సంబరపడకముందు చూసుకోండి: వాళ్ళు కిలొంబోలా వాళ్ళు, బానిసత్వం నుంచి తప్పించుకున్న ఆఫ్రికన్ల సంతతి. బ్రెజిల్ చట్టం వాళ్ళను ఆదివాసీల కింద లెక్కించదు, వేరే హక్కులిస్తుంది. ప్రశ్న మాత్రం అదే కాబట్టి తీసేయొద్దు, మూడో వరస గీసి పైన ఆ మాట స్పష్టంగా రాయండి.

అడవి మూసినప్పుడు

ప్రకాశం వైపు పిల్లలకు ఈ ప్రశ్న దగ్గర. నల్లమల్లో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ప్రాజెక్ట్ టైగర్ కిందికి 1983లో వచ్చింది. దేశంలో అన్నిటికన్నా పెద్దది. అందులోనే చెంచు గూడేలున్నాయి. తేనె, జిగురు, కుంకుళ్ళు, చింతపండు తెచ్చి గిరిజన కార్పొరేషన్ డిపోలో వేసే బతుకు, పులి కోసం గీసిన గీత లోపల పడింది.

దీనికి ఈడైన జత బోట్స్‌వానాలో ఉంది. 1961లో సెంట్రల్ కలహారి వన్యప్రాణుల రిజర్వు పెట్టారు. అక్కడి సాన్ ప్రజలు అందులోనే ఉండేవాళ్ళు. 1997లో ఒకసారి, 2002లో ఒకసారి ప్రభుత్వం వాళ్ళను బయట కాలనీలకు తరలించింది. నీళ్ళిచ్చే బోరును మూసేశారు. ఎడారిలో బోరు మూస్తే ఇంకేం చెప్పక్కర్లేదు. సాన్ ప్రజలు కోర్టుకు పోయారు, 2006 డిసెంబరు 13న హైకోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. బోరు వాడుకోవడానికి మాత్రం 2011లో అప్పీలు కోర్టు దాకా పోవాల్సి వచ్చింది. ఆ హైకోర్టు తీర్పు వచ్చిన రెండు రోజులకే, డిసెంబరు 15న, మన లోక్‌సభలో అటవీ హక్కుల బిల్లు పాసయింది. అక్కడ గెలుపు కేసు వేసిన కొందరి పేరు మీద వచ్చింది, ఇక్కడ హక్కు దేశమంతటికీ చట్టంగా వచ్చి, గూడెం గూడెంలో పట్టా కోసం దరఖాస్తు పెట్టుకోవాల్సిన పనిగా మారింది. చార్టులో రాయాల్సింది ఈ తేడా.

కెన్యాలో మావ్ అడవి ఓగియెక్ ప్రజలు ఇంకో జత. వాళ్ళూ తేనె మీద బతికేవాళ్ళే. అడవిని కాపాడటానికి అని వాళ్ళను ఖాళీ చేయిస్తుంటే, 2017లో ఆఫ్రికా మానవ హక్కుల కోర్టు, అడవి నాశనానికి కారణం వీళ్ళని ప్రభుత్వం రుజువు చేయలేకపోయిందని చెప్పింది. మన పిల్లలకు ఈ తీర్పు చదవడం బాగుంటుంది.

హాజరు పట్టీ

పోలీసు హాజరు ప్రశ్నను కావలి వైపు పిల్లలకు ఇస్తాను. 1871 నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీ దాకా విస్తరించింది. ఎరుకల కుటుంబాల్ని కావలి దగ్గర సెటిల్‌మెంటులో ఉంచారు, దాన్ని అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. పుట్టుకతోనే అనుమానితుడు, ఊరు దాటాలంటే అనుమతి చీటీ. కెనడాలో 1885 తిరుగుబాటు తర్వాత ఆదివాసీలు రిజర్వు దాటాలంటే అధికారి సంతకం చేసిన పాసు ఉండాలన్నారు. రెండు చీటీలూ ఒకేలా కనిపిస్తాయి. కానీ మన చీటీకి వెనక చట్టం ఉంది, కెనడా పాసుకు ఏ చట్టమూ లేదు, అధికారుల అలవాటు మీదే దశాబ్దాలు నడిచింది. మనదాన్ని స్వతంత్రం వచ్చాక రద్దు చేశారు, దేశమంతటా 1952కు పోయింది. చట్టమే లేనిదాన్ని రద్దు చేసేదెట్టా?

అంకెల దగ్గర ఆగండి

జనాభా అంకెలు పక్కపక్కన పెట్టకముందు, లెక్కలో ఎవరిని చేర్చారో చూడాలి. మన దగ్గర 342వ అధికరణం కింద రాష్ట్రపతి ప్రకటించిన జాబితాలో తెగ పేరుంటేనే ఎస్టీ. న్యూజిలాండ్ జనాభా లెక్కల్లో మావోరీనని తానే చెప్పుకుంటారు. కెనడాలో ఇండియన్ యాక్టు కింద రిజిస్టరుంది. ఆ రిజిస్టరులోని స్త్రీ బయటివాణ్ణి పెళ్ళాడితే పేరు కొట్టేసేవాళ్ళు, 1985లో గానీ ఆ నిబంధన పోలేదు. కాబట్టి కెనడా అంకె ఏ ఏడాదిదో చూడకుండా ఎత్తి రాయొద్దు.

సీట్ల లెక్క ఇంకా సరదాగా ఉంటుంది. న్యూజిలాండ్ పార్లమెంటులో మావోరీ స్థానాలు 1867లో నాలుగుతో మొదలై ఇప్పుడు 7. మన రాష్ట్ర అసెంబ్లీలో ఎస్టీ స్థానాలూ 7. 'సమానం' అని రాసేశాడు ఒక పిల్లవాడు. పటం తీసి చూడమన్నాను. మావోరీ స్థానాలు దేశం మొత్తాన్ని కప్పుతాయి, ఏ మూల ఉన్న మావోరీ అయినా ఆ ఓటర్ల జాబితాలో చేరితే తన స్థానం తనకుంటుంది. మన 7 స్థానాలు పాలకొండ నుంచి పోలవరం దాకా ఏజెన్సీ వెంబడే. నెల్లూరు, ప్రకాశంలో ఒక్కటీ లేదు. లక్షల్లో ఉన్న యానాదులు ఊరూరా పలచగా చెదిరి ఉంటారు కాబట్టి ఏ నియోజకవర్గంలోనూ సీటు కేటాయించేంత లెక్కకు రారు. అంకె ఒకటే అయినా పని వేరు.

ఒప్పందాల గడి కూడా అంతే. 1840లో వైతాంగిలో మావోరీ నాయకులు బ్రిటిషు రాణి ప్రతినిధితో ఒప్పందం మీద సంతకాలు పెట్టారు, ఆ ఏడాదిలో 500 మందికి పైగా. నేటికీ వాళ్ళ దావాలన్నీ దాన్ని పట్టుకునే, దానికోసం 1975 నుంచి ఒక ట్రిబ్యునల్ కూడా ఉంది. నెల్లూరులో యానాదులతో కంపెనీ అట్టాంటి ఒప్పందం చేసుకోలేదు. భాష గడి ఇంకా జాగ్రత్త. మావోరీలు 1982లో 'భాషా గూళ్ళు', అంటే పసిపిల్లలకు మావోరీ భాషలోనే నడిపే బడులు, తెరిచారు. యానాదులు, చెంచులు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. దాన్ని చూసి 'సంస్కృతి కోల్పోయారు' అని తీర్పు రాయొద్దు.

ఐక్యరాజ్య సమితిలో 2007 సెప్టెంబరు 13న ఆదివాసీ హక్కుల ప్రకటనకు 144 దేశాలు ఓటేశాయి. వద్దన్నవి నాలుగు: అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. భారతదేశం అనుకూలంగా ఓటేసింది, మా దేశంలో అందరూ ఇక్కడి మూలవాసులే అన్న వివరణతో. వద్దన్న నాలుగూ తర్వాత మనసు మార్చుకున్నాయి. ఓటు చూసి దేశాలకు మంచి, చెడు ముద్రలు వేయకుండా, ఓటుతో పాటు చెప్పిన వివరణ కూడా చదవండి.

కాలనీకి పోయేటప్పుడు

ఇది కాగితం పని కాదు, ఇక్కడే ఎక్కువ చెడగొడతారు. ఆస్ట్రేలియాలో సాక్ష్యం కమిషన్ పుస్తకాల్లో ఉంది. ఇక్కడ అది ముసలివాళ్ళ నోట్లో ఉంది. అడగక తప్పదు.

మొదటి నియమం పిలుపు. మా వైపు పెద్ద కులాల ఇళ్ళల్లో చిన్న పిల్లలు కూడా తెల్ల జుట్టు యానాది తాతను 'ఒరే' అంటారు. ఇంట్లో విన్నదే వాళ్ళకు వస్తుంది. ప్రాజెక్టుకు పోయే పిల్లలకు నేను ముందే చెబుతాను: తాతా, అవ్వా, మామా, అక్కా. మీరు, రండి, చెప్పండి. నోరు తిరగకపోతే బడిలోనే పలికించి మరీ పంపుతాను. కొందరి తల్లిదండ్రులకు నచ్చదు. నచ్చకపోతే వేరే ప్రాజెక్టు ఉంది, వర్షపాతం గ్రాఫులు.

పొద్దున పోవద్దు. నాట్లు, కోతలు, రొయ్యల గుంటల కాపలా, చేపలు, ఏదో ఒక పనికి పోయి ఉంటారు. మధ్యాహ్నం దాటాక, ముందు రోజే ఒక మాట చెప్పి పోండి. క్లాసులో ఆ కాలనీ పిల్లలుంటే వాళ్ళు మీకు దారి చూపేవాళ్ళు మాత్రమే కారు, ప్రాజెక్టులో వాళ్ళ పేరు కూడా ముందు ఉండాలి. ఫోన్ తీసి ఫొటో కొట్టడం చివరి పని, అదీ అడిగాకే.

'ఎలుకలు తింటారంట గదా' అనే ప్రశ్నతో మొదలుపెడితే ఆ రోజు అక్కడితో అయిపోయినట్టే. ఎలుకలు పట్టడం గురించి అడగాలంటే పనిగా అడగండి. వరి పొట్ట మీద ఉన్నప్పుడు రైతులే వచ్చి పిలుచుకుపోతారు, కలుగులోకి పొగ ఊది పట్టడం ఎట్టా, కూలి ఎంత, కలుగులో దొరికిన వడ్లు ఎవరికి. దీనికి జత కూడా ఉంది: మద్రాసు పక్క ఇరుళులు 1978 నుంచి సహకార సంఘం పెట్టుకుని పాముల విషం తీసి అమ్ముతున్నారు, విషానికి విరుగుడు మందు దానితోనే తయారవుతుంది. వాళ్ళలో మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు 2017లో అమెరికాలో ఫ్లోరిడాకు పోయి కొండచిలువలు పట్టారు, 2023లో పద్మశ్రీ అందుకున్నారు. అదే రకం విద్య ఒకరి చేతిలో సంఘమై, ఇంకొకరి చేతిలో దినకూలీగా ఎందుకు మిగిలింది? తిండి గడి కన్నా ఇది మంచి ప్రశ్న.

ఏడాది అడిగితే రాదు. ఒక అవ్వ మా పిల్లతో అన్నది: "ఏ సంవత్సరమని అడగబాకమ్మా. ఏ గాలివానకు ముందో ఏ గాలివానకు తర్వాతో అడుగు, చెబుతా." అప్పటి నుంచి పిల్లల చేతికి గాలివానల పట్టిక ఇస్తున్నాను. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన, 1979 మే తుపాను, 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటింది, 2004 డిసెంబరు సునామీ. 'మీరు ఈ కట్ట మీదికి వచ్చింది దేనికి ముందు?' అని అడిగితే వయసు, వలస, పెళ్ళి, మొదటి రేషను కార్డు, అన్నీ వరసలో పడతాయి. కార్డు సంగతి తప్పకుండా అడగండి. ఆధార్ ఎప్పుడు వచ్చింది, కులం సర్టిఫికెట్ ఉందా, బడిలో చేర్చేటప్పుడు పుట్టిన తేదీ ఎవరు రాశారు. దేశాల మధ్య పోలికకు వచ్చే గట్టి వివరాలు ఎక్కువగా ఇక్కడే దొరుకుతాయి.

వాళ్ళు తిరిగి అడిగితే చెప్పండి. మా పిల్లలు వూమెరా సంగతి చెబితే ఒక తాత అడిగిన మొదటి ప్రశ్న: "వాళ్ళకు ఇళ్ళు కట్టిచ్చారా?" రెండోది: "ఇప్పుడు వాళ్ళ నేల మీదికి వాళ్ళను రానిస్తారా?" ఆ రెండూ మా ప్రశ్నల పట్టికలో లేవు. చేర్చాం.

రాసేటప్పుడు

చార్టు కన్నా లాంగ్ నోట్‌బుక్ మేలు. ఎడమ పేజీ ఇక్కడిది, కుడి పేజీ అక్కడిది, ఒక్కో జత పేజీలకు ఒక్క ప్రశ్న. ప్రతి వాక్యం చివర ఎక్కడ దొరికిందో రాయండి: పుస్తకం, తీర్పు, కాలనీ. జిల్లా పేరు పాతదీ కొత్తదీ రెండూ ఉండాలి. మాట చెప్పిన వాళ్ళ పేర్లు రాయొద్దు, 'కాలవ కట్ట కాలనీలో డెబ్బై దాటిన స్త్రీ' అంటే చాలు. రాసింది కాలనీకి తీసుకుపోయి ఒకసారి చదివి వినిపించండి, వాళ్ళు కొట్టేయమన్నది కొట్టేయండి. నోట్‌బుక్ నా చేతికి వచ్చాక నేను ముందు చూసేది ఖాళీగా వదిలిన గడుల్ని. ఒక్కటీ లేకపోతే వెనక్కిచ్చి మళ్ళీ రాసుకురమ్మంటాను.